తీగ మీద పోయిన బోణీ

కొట్టులో పనిచేసేవాడికి ముందు కాళ్ళు కావాలి, తరువాత నోరు, ఆ తరువాతే లెక్కలు. ఈ మాట అంటే నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు, ఎందుకంటే నాకు మొదటినుంచీ నోరే ఎక్కువ. అయినా బట్టల బల్ల వెనకాల నిలబడి నిలబడి జుట్టు నెరిపించుకున్నవాణ్ణి. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

జీతం ఎప్పుడు పెరిగింది, ఏ బల్ల నుంచి ఏ బల్లకు మార్చారు, ఇవన్నీ వదిలేస్తున్నాను. వాటిని చదివి ఎవరూ పని నేర్చుకోలేదు. రంగూన్‌లో మా మేస్త్రిగారి పెద్ద కొట్టు ఒక వానాకాలంలో ముక్కలు చెక్కలు కాబోయి ఎలా నిలబడిందో చెబుతాను. పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. తలచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాదు నాకు.

మేస్త్రిగారు

మా యజమాని పేరు పైడయ్య. రంగూన్‌లో ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాణ్ణి నేను చూడలేదు. అందరికీ మేస్త్రిగారే. భీమిలి వైపు నుంచి ఓడెక్కి వచ్చి, బోటాటౌంగ్ రేవులో మూటలు మోసి, మోసేవాళ్ళ మీద మేస్త్రీ అయ్యారు. ఒకరోజు గోనె మూట జారి కుడి మోకాలి మీద పడింది. ఆ మోకాలు మళ్ళీ వంగలేదు. రేవులో నిలబడలేనివాడు కూర్చుని చేసే పని చూసుకోవాలి కదా అని, చిన్న బట్టల కొట్టు పెట్టారు. అదీ మొదలు.

నేను చేరింది ఆ చిన్న కొట్టులోనే. తెల్లదుప్పటి పరిచిన పరుపు, గోడవారగా తానులు, మూలన మంచినీళ్ళ కూజా. ఆయన నేర్పిన మొదటి పాఠం ఇది. వచ్చినవాళ్ళని "ఏం కావాలి" అని అడగకూడదు. "రండి, కూర్చోండి" అనాలి. కూర్చున్న మనిషి ఏదో ఒకటి చూడకుండా లేవడు, చూసిన మనిషి సగం కొన్నట్టే. నాకు తెలిసిన అమ్మకం విద్యలో ముప్పాతిక భాగం ఇదే. మిగతా పావు నా అంతట నేను కనిపెట్టుకున్నాను.

రెండో పాఠం బోణీ. పొద్దున్న తలుపు తీశాక వచ్చిన మొదటి మనిషి వట్టి చేతులతో వెళ్ళకూడదు. వచ్చింది చంటిబిడ్డ తల్లి అయినా సరే, తాగి తూలుతున్న ఓడ కళాసీ అయినా సరే, ఆ మొదటి బేరం తెగాలి. లాభం లేకపోయినా ఇచ్చేసేవారు. ఆ డబ్బు రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, లక్ష్మీదేవి పటం దగ్గర పెట్టేవారు. కొన్నవాళ్ళ వైపు తిరిగి "నీ సెయ్యి మంచిది, మళ్ళీ రా" అనేవారు. ఆ మనిషి మొహం చూడాలి మీరు. గజం గుడ్డ కొన్నవాడు ఏనుగునెక్కి దిగినట్టు దిగేవాడు గుమ్మం.

బర్మా వాళ్ళకూ అచ్చంగా ఇదే ఉంది. వాళ్ళు జే-ఊ అంటారు. బజారులో కూరలమ్మే ఆమె మొదటి నోటు చేతికి రాగానే దాన్ని వంకాయల మీద, మిరపకాయల మీద, ఎండుచేపల మీద టపటపా తాటిస్తూ "జే-ఊ, జే-ఊ" అంటుంది. మనం కళ్ళకద్దుకుంటాం, వాళ్ళు సరుకుకు తాటిస్తారు. అంతే తేడా. నాలుగు భాషల వాళ్ళం ఒకే వీధిలో కొట్లు పెట్టుకుని బతికిన ఆ ఊళ్ళో, ఎవరికీ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేని సంగతి ఇదొక్కటే.

ఇంగ్లండు నుంచి వచ్చిన కబుర్లు

మేస్త్రిగారికి ఒక్కడే కొడుకు, సూర్యం. మేం చిన్నబాబు అనేవాళ్ళం. చదువుకని ఇంగ్లండు పంపితే, చదువు సగంలో వదిలేసి, అక్కడ ఏదో చిన్న ఊళ్ళో ఒక కుటుంబం వాళ్ళ పెద్ద కొట్టులో పనికి కుదిరాడు. రెండేళ్ళు అక్కడే ఉన్నాడు. తండ్రి మండిపడతాడని ఓడ దిగేవరకూ ఆ ముక్క చెప్పలేదు.

ఆ కొట్టు కబుర్లు చెబుతుంటే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. తాత పెట్టిన కొట్టట. కొడుకులు, కోడళ్ళు, మనవలు తలా ఒక అంతస్తు చూసుకుంటారట. గుండుసూది దగ్గర్నుంచి శవపేటిక దాకా ఒకే కప్పు కింద అమ్ముతారట.

"ఏటీ, సచ్చినోణ్ణి పెట్టే పెట్టి కూడా అక్కడే కొంటారా?" అన్నారు మేస్త్రిగారు.

"అవునయ్యా. దాని మీద కూడా ధర చీటీ ఉంటుంది. అందరికీ ఒకటే ధర. బేరం లేదు."

"బేరం నేపోతే మరి జనం కొట్టుకెందుకెల్తారు?"

సూర్యం పడీపడీ నవ్వాడు. ఆయన మాత్రం నవ్వులాటకు అనలేదు. కానీ కొడుకు కళ్ళలో మెరుపు చూశారు. అంతకుముందు ఏ పనిలోనూ ఆ మెరుపు చూడలేదు ఆయన. ఏడాది తిరక్కుండా ట్రాములు పోయే పెద్ద వీధిలో రెండంతస్తుల కొట్టు లేచింది. కింద పట్టుబట్టలు, నూలుబట్టలు, సబ్బులూ అత్తర్లూ, గొడుగులు. పైన పింగాణీ, బొమ్మలు, కుట్టుమిషన్లు, దొరసానుల టోపీలు. ఇంతెత్తు అద్దాల కిటికీలు, కరెంటు పంకాలు. పరుపులు పోయాయి, బల్లలు వచ్చాయి. ప్రతి వస్తువుకూ దారంతో కట్టిన ధర చీటీ.

అన్నిటికన్నా గొప్పది తీగ. ఎలా చెప్పను. ప్రతి బల్ల దగ్గర్నుంచీ కప్పు కింద ఒక ఉక్కు తీగ బయలుదేరి గల్లా గదికి పోతుంది. కొన్నవాళ్ళిచ్చిన నోటు చిన్న చెక్క డబ్బాలో పెట్టి, తీగకు తగిలించి, పిడి పట్టుకుని ఒక్క లాగు లాగితే డబ్బా జుయ్‌మని జనం తలల మీదుగా ఎగురుతుంది. పైన గంట ఠంగుమంటుంది. అక్కడ డబ్బు తీసుకుని, చిల్లర వేసి వదిలితే మళ్ళీ మన బల్ల దగ్గరికి వచ్చి ఆగుతుంది. మొదటి వారం మేం కొనేవాళ్ళు లేకపోయినా ఖాళీ డబ్బాలు వదులుతూ ఉండేవాళ్ళం. నేను పెళ్ళయినవాణ్ణి అయ్యుండి కూడా ఆ పిడి కోసం పక్కబల్లవాడితో తగువులాడాను.

ఆ గల్లా గది నేలకూ పైఅంతస్తుకూ మధ్య, వెనక గోడకు ఆనించిన చెక్కగది. ఎక్కడానికి ఇరుకుమెట్లు, చూడ్డానికి చిన్న కిటికీ. అందులో ఎవరు కూర్చున్నారనుకున్నారు? మేస్త్రిగారే. కొడుకు ధర చీటీలను ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు కానీ, తీగ అంటే పడి చచ్చేవారు. రేవులో ఓడ మీంచి మూటలు దించే యంత్రాల దగ్గర పెరిగిన మనిషి కదా, సరుకు గాలిలో ప్రయాణం చేస్తే ఆయనకు పండుగ. వంగని మోకాలితో పొద్దున్నే ఒక్కో మెట్టూ ఎక్కి కూర్చుంటే, మళ్ళీ భోజనానికే దిగేవారు.

ఖాళీ కొట్టు

కొత్త కొట్టుకు మొదటి నెల జనం విరగబడ్డారు. రెండో నెల పలచబడ్డారు. మూడో నెల వానలు మొదలయ్యాయి. బర్మా వాళ్ళకు వర్షాకాలం మూడు నెలలూ వ్రతకాలం, పెళ్ళిళ్ళుండవు, కాబట్టి బేరాలు తగ్గుతాయని తెలుసు. కానీ ఇలా తగ్గుతాయా? బల్లల వెనక మేమంతా చేతులు కట్టుకుని గోడలకేసి చూస్తున్నాం. ఎదురుగా ఇరుకు కొట్లలో బేరాలు మాత్రం జరుగుతూనే ఉన్నాయి.

ఒకరోజు మేస్త్రిగారు అందరి ఎదుటా కొడుకుని పిలిచారు.

"సూడు బాబూ, తదింజుత్ దాకా నీ ఇట్టం. దీపాల పండక్కి కూడా జనం రాకపోతే నాను ఊరుకోను. తడికెలు కట్టించి గదులు గదులుగా అద్దెకిచ్చేత్తాను. తలా ఓ గది ఎవుడి యాపారం ఆడు సేసుకుంటాడు."

"అయ్యా, గదులు చేస్తే ఇక కొట్టేముంది? అది మరో బజారు."

"బజారుకి జనం వత్తన్నారు కదా?"

సూర్యం మొహం నల్లబడింది. ఇంగ్లండు నుంచి అతను మోసుకొచ్చిన ఆస్తి ఈ ఒక్క ఊహే. అది పోతే తండ్రి చెప్పినట్టు తలూపుతూ బతకాలి. మా సంగతి వేరే చెప్పాలా, గదులయ్యాక మాలాంటివాళ్ళతో పనేముంటుంది. నా పక్క బల్ల మీద నూలుబట్టలమ్మే మా ఖిన్ అయితే బజారులో తన తల్లి నడిపిన అరుగు వదులుకుని మరీ వచ్చింది. ఆ అరుగు మీద అప్పటికే ఇంకెవరో కూర్చున్నారు.

మా ఖిన్ గురించి ఒక మాట. ఈ మా మన తెలుగు మా కాదు, బర్మాలో చిన్నవయసు ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే మాట. బోటాటౌంగ్‌లో మనవాళ్ళ ఇళ్ళ మధ్య పుట్టి పెరిగిన బర్మా పిల్ల. తెలుగు మాలాగే మాట్లాడేది, తిట్టడంలో మాకన్నా ఒకాకు ఎక్కువే చదివింది. బర్మాలో అమ్మకమంటే ఆడవాళ్ళ పని. బల్లల వెనక అందరూ మీసాలవాళ్ళే ఉంటే బర్మా ఆడవాళ్ళు రారని సూర్యంతో వాదించి పని సంపాదించుకున్న గడుసుది.

జనం ఎందుకు రావడం లేదన్నదానికి మా అందరిదీ ఒకటే జవాబు. బేరం లేకపోవడమే. నేనూ అదే గట్టిగా అన్నాను. మేస్త్రిగారు పైనుంచి అదే అన్నారు. సూర్యం ఒక్కడే కాదనేవాడు, అతని మాట వినేదెవరు. కానీ ఒక్క సంగతి మా కళ్ళెదుటే ఉండి మాకు తట్టలేదు. ధర నచ్చనివాడు ఏం చేస్తాడు? కొనకుండా వెళ్ళిపోతాడు. మా దగ్గరికి వచ్చినవాళ్ళు అలా చేయలేదు. ఇన్సేన్ రైల్వే కార్ఖానాలో పనిచేసే మనవాడొకడు పెళ్ళాంతో వచ్చి, కాసేపు సరదాకి గీచి గీచి అడిగి, చీటీ చూపిస్తే నవ్వేసి, అడిగినంతా ఇచ్చి పట్టుచీర తీసుకెళ్ళాడు. మళ్ళీ కనబడలేదు. కొంటున్నారు, పోతున్నారు, తిరిగి రావడం లేదు. పిల్లలూ, మీ కొట్టులో ఇలా జరిగితే ధర చూసుకోకండి. మీ మొహం అద్దంలో చూసుకోండి.

మా ఖిన్ మాత్రం వేరే గొడవ పెట్టుకుంది. ఒక పొద్దున్న సూర్యం ముందు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"సిన్నబాబూ, నాకు జే-ఊ నేదు. నోటు సేతికొచ్చీసరికి డబ్బాలో ఎట్టి ఒగ్గేయమంటావు. నా సరుక్కి తాటించనీవు. రోజంతా సెయ్యి కాళీగా ఉంటంది నాకు."

"డబ్బు అమ్మేవాళ్ళ చేతిలో ఉండకూడదు ఖిన్. అది మన పద్ధతి. ఇవన్నీ పాత నమ్మకాలు, వదిలేయ్."

పై కిటికీలోంచి మేస్త్రిగారి తల బయటికి వచ్చింది.

"బోణీ నాను సేత్తన్నాను కదేటి పిల్లా. మొదటి నోటు రాగానే కళ్ళకద్దుకుని పటం కాడ ఎడతన్నాను. కొట్టు ఒకటే, బోణీ ఒకటే. ఒకొక్క బల్లకి ఒకొక్క బోణీ ఏటి?"

ఆయన అన్నది అబద్ధం కాదు. నేను మెట్లెక్కి చూశాను కూడా. ఆ చెక్కగదిలో పటం, దీపం, మొదటి నోటుకు పసుపూ కుంకుమా, అన్నీ పద్ధతిగా జరుగుతున్నాయి. మేస్త్రిగారి బోణీ మేస్త్రిగారికి అందుతోంది, ఇంకేం కావాలని నేనూ దిగొచ్చేశాను. మా ఖిన్ మూతి మూడు వంకర్లు తిప్పి తన బల్ల వెనక్కి పోయింది.

యజమానుల మాట వచ్చింది కాబట్టి నిర్మొహమాటంగా చెబుతున్నాను. తండ్రీ కొడుకులు కలిసి నడిపే కొట్టులో పనిచేయడం చెరోవైపు లాగే రెండు ఎడ్లకు కట్టిన బండి తోలడం లాంటిది. ఎవరో ఒకరి పక్షం చేరితే రెండో ఆయన చూపుకే మాడిపోతాం. నేను ఇద్దరికీ ఔననేవాణ్ణి. దానివల్ల నా ఉద్యోగం నిలిచింది కానీ కొట్టుకు నయాపైసా ఉపకారం జరగలేదు. మీరు అలా చేయకండి. మా ఖిన్‌లాగా ఎదురు నిలబడి అడగండి. తిట్లు పడితే పడతాయి.

ఆ పొద్దు

ఇప్పుడు చెప్పబోయే రోజు తరువాత మా కొట్టులో ప్రతి బల్లకూ తన బోణీ తనకే అన్న ఆనవాయితీ వచ్చింది. ఇప్పుడు పెద్ద పెద్ద కొట్లలో అది చూసి కొత్తవాళ్ళు వింతపడుతుంటారు. అది ఎలా వచ్చిందో ఆ పొద్దున అక్కడున్నవాణ్ణి నేను, చెబుతాను వినండి.

తదింజుత్ ఇంకా నాలుగైదు రోజులుంది. వ్రతకాలం ముగిసే పండుగ. వీధులనిండా దీపాలు పెడతారు, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు మొక్కి కానుకలిస్తారు. లుంగీలు, తువాళ్ళు, పళ్ళు, కొవ్వొత్తులు, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు. బట్టల కొట్టుకు ఏడాదిలో అంతకు మించిన వారం లేదు. మాకు అప్పటికింకా ఊపు రాలేదు. ఆ పొద్దున తలుపులు తీస్తుండగానే ఒక చెప్పుల వ్యాపారి వచ్చి, ముడులు వేసిన తాడు పట్టుకుని కింద అంతస్తు కొలుచుకోవడం మొదలుపెట్టాడు. మేస్త్రిగారే రమ్మన్నారట. వీధివైపు గది తనకే కావాలని అడిగాడట. సూర్యం స్తంభానికి ఆనుకుని ఆ తాడు చివర ఎక్కడ పడుతుందో చూస్తున్నాడు.

అప్పుడు వచ్చింది డా మ్యా. డా అంటే బర్మాలో పెద్దావిడకు గౌరవంగా పెట్టే మాట. ఆవిడ సొంతంగా బియ్యం మిల్లు నడిపే మనిషి. మా చిన్న కొట్టుకు పాత ఖాతాదారు. ఆవిడ బోణీ చేస్తే సాయంత్రం దాకా ఊపిరి తీసుకునే తీరిక ఉండదని మేస్త్రిగారి నమ్మకం, అలాంటి హస్తవాసి. కొత్త కొట్టుకు మొదట్లో ఒకసారి వచ్చి మళ్ళీ మొహం చూపించలేదు. ఆవిడ్ని గుమ్మంలో చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రండి కూర్చోండి అందామంటే కూర్చోడానికి పరుపు లేదు. బల్ల మీద పట్టులుంగీలు పరిచేశాను. పచ్చవి, గులాబీవి, నెమలి రంగువి. ముసలి పిన్నమ్మకు ఒకటి, గురువుగారి భార్యకు ఒకటి, ఇలా చకచకా ఏరింది. చీటీలు తిప్పి చూసింది.

"కో స్వామీ, ఇదేనా ధర?" నా పేరు అప్పలస్వామి, బర్మా వాళ్ళు మగవాళ్ళ పేరు ముందు పెట్టే కో తగిలించి ఆవిడ అలాగే పిలిచేది. మాట్లాడింది బర్మా భాషలో.

సూర్యం స్తంభం దగ్గర్నుంచి చూస్తున్నాడు. మొదటి బేరం. తగ్గిస్తే అతని పద్ధతి పోతుంది. తగ్గించకపోతే ఆవిడ వెళ్ళిపోతుంది, మొదటి మనిషి వట్టి చేతులతో వెళ్ళిన కొట్టును మేస్త్రిగారు ఆ మధ్యాహ్నమే గదులు చేసేస్తారు.

"ఇదే అమ్మా. అందరికీ ఒకటే," అన్నాను.

"సరే," అంది ఆవిడ. అంతే. సంచీ తీసి నోటు తీసి రెండు చేతులతో పట్టుకుని నాకిచ్చింది. నేను పెద్ద గండం గడిచిందనుకుని గబుక్కున డబ్బాలో పెట్టి తీగకు తగిలించాను. పిడి మీద చెయ్యి వేశాను.

ఆవిడ డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. కిందటిసారి కూడా ఇలాగే చేశావు. పొద్దున్నే తల స్నానం చేసి, మంచి మనసుతో మొదటి డబ్బు తెచ్చి నీ చేతిలో పెట్టాను. నువ్వు దాన్ని గాలిలోకి విసిరేశావు. ఎవరూ సరుకుకు తాకించలేదు. ఎవరూ నా చెయ్యి మంచిదనలేదు. చిల్లర వచ్చింది, మూట ఇచ్చావు, అంతే. ఇంటికి పోయి ఆలోచించాను, నా చేతి డబ్బు వీళ్ళకి అచ్చిరాలేదేమో, అందుకే తాకకుండా వదిలించుకున్నారేమోనని. భర్త పోయినదాన్ని కో స్వామీ, అలాంటి ఆలోచన తొందరగా వస్తుంది. మా వీధిలో వాళ్ళు కూడా అదే అంటున్నారు, ఆ కొట్టులో మన డబ్బు తీసుకుంటారు కానీ మనల్ని తీసుకోరని."

ధర కాదు. మొదటినుంచీ ధర కాదు. మా ఖిన్ నావైపు చూసి, "నా సేతి కాళీ గురించి సెప్పాను గానీ ఆళ్ళ మనసు సంగతి నాకూ తట్టనేదు," అంది మెల్లగా. ఆ పిల్ల మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి.

నేను తలెత్తి అరిచినంత పని చేశాను. "మేస్త్రిగారూ, ఒక్కసారి ఇటు చూడండి." కిటికీలోంచి తల బయటికి వచ్చింది. డా మ్యా అన్నది అన్నట్టుగా తెలుగులో చెప్పాను. తల లోపలికి పోయింది. మెట్ల మీద చప్పుడు. ఒక కాలు దించి, వంగని కాలు దాని పక్కకు లాగి, మళ్ళీ ఒక కాలు. కొట్టంతా ఆ చప్పుడు వింటూ నిలబడింది. చెప్పుల వ్యాపారి కూడా తాడు పట్టుకుని ఆగిపోయాడు.

ఆయన వచ్చి ఆవిడ ఎదుట నిలబడి బర్మా భాషలో అన్నారు, "అమ్మా, నీ డబ్బు పైకి వచ్చిన రోజు కళ్ళకద్దుకున్నాను. దేవుడి పటం దగ్గర పెట్టాను. ఒట్టు."

"నేను చూడలేదు కదా," అంది ఆవిడ.

మేస్త్రిగారు తలెత్తి ఆ చెక్కగది కిటికీ వైపు చూశారు. తరువాత నావైపు తిరిగి తెలుగులో, "నిజిమే కదరా. పైన పెట్టెలో కూకుని నాకు నానే బోణీ సేసుకుంతన్నాను," అన్నారు.

డబ్బా విప్పి నోటు బయటికి తీశారు. కళ్ళకద్దుకున్నారు. ఆవిడ చూస్తుండగా ఆవిడ ఏరిన పట్టుల మీద తాటించారు. "జే-ఊ," అన్నారు. రేవులో కేకలేసిన గొంతు, కొట్టంతా మోగింది. అక్కడితో ఆగలేదు. కాలీడ్చుకుంటూ మా ఖిన్ బల్ల దగ్గరికి వెళ్ళి నోటు ఆ పిల్ల చేతిలో పెట్టారు. అది తన తానులన్నిటినీ టపటపా వాయించేసింది. అక్కడ్నుంచి సబ్బులు, అత్తర్లు, గొడుగులు. నోటు చేతులు మారుతుంటే ఒక్కొక్క బల్ల దగ్గర ఒక్కొక్క మొహం విప్పారింది. గొడుగులవాడు తురకం, సబ్బులవాడు తమిళం, ఎవరి భాషలో వాళ్ళు ఏదో అంటున్నారు. వీధిలో పోయేవాళ్ళు గుమ్మం దగ్గర గుమిగూడి లోపలికి వస్తున్నారు. నేను అరుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. డా మ్యా అయితే చెయ్యి అడ్డం పెట్టుకోకుండా పకపకా నవ్వింది.

నోటు తిరిగి తిరిగి స్తంభం దగ్గరికి వచ్చింది. మేస్త్రిగారు దాన్ని కొడుకు ముందు చాపారు.

"ధర సీటీలు నీయి. ఉంచు. ఆమె ఒక్క మాట అన్నదా ధరని? అనలేదు. ఇది పట్టుకో."

సూర్యం తటపటాయించాడు. అమ్మేచోట డబ్బు చేత్తో పట్టకూడదని మాకందరికీ నూరిపోసినవాడు అతనే. చుట్టూ అంతా చూస్తున్నాం. నెమ్మదిగా రెండు చేతులూ చాచాడు. నోటు కళ్ళకద్దుకున్నాడు. డా మ్యా వైపు తిరిగి వంగి, బర్మా భాషలో తడబడుతూ, "మీ చెయ్యి మంచిది, మళ్ళీ రావాలి," అన్నాడు. తండ్రి మాట తండ్రి గొంతుతోనే వచ్చింది అతనికి.

తరువాత నా బల్ల దగ్గరికి వచ్చి, నోటు డబ్బాలో పెట్టి, తీగకు తగిలించి పిడి లాగాడు. డబ్బా జుయ్‌మని అందరి తలల మీదుగా పోయింది. పైన గంట ఠంగుమంది. తీసుకునే మనిషి లేడు. మేమంతా ఆ ఖాళీ కిటికీ వైపు చూశాం.

"ఏటలా నిలబడ్డావు," అన్నారు మేస్త్రిగారు కొడుకుతో. "ఆమెకి సిల్లర రావాల. ఎల్లు. ఆ కుర్చీలో కూకో. నాను ఈ కాలుతో మళ్ళీ ఎక్కలేను."

ఆయన ఎక్కగలరు. రోజూ ఎక్కుతున్నారు. ఆ సంగతి మాకందరికీ తెలుసు, సూర్యానికీ తెలుసు. అతను తండ్రిని ఒక్క క్షణం చూసి, రెండేసి మెట్లు చొప్పున ఎక్కేశాడు.

మేస్త్రిగారు ఒక స్టూలు గుమ్మం దగ్గరికి లాక్కుని, కాలు చాపుకుని కూర్చున్నారు. వచ్చేవాళ్ళకు దారి ఇస్తూ "రండి, రండి" అంటున్నారు. చెప్పుల వ్యాపారి జనాన్ని తప్పించుకుంటూ ఆయన దగ్గరికి వచ్చి, వీధివైపు గది ఎప్పటికి కట్టిస్తారని అడిగాడు.

"నన్నడుగుతావేటి," అన్నారు మేస్త్రిగారు. "కొట్టు మా వోడిది."